అమ్మ అడిగిన ఏరు, నాన్న వెతికిన పైపులు

మా నాన్న దగ్గర ఒక పాత వ్యాను ఉండేది. మా ఇనుప గనుల టౌన్‌షిప్‌లో దాన్ని అందరూ ‘చల్తా ఘర్’ అనేవాళ్ళు, వెక్కిరింపుగానే. నడిచే ఇల్లు అని అర్థం. అది నడిచిన రోజులకంటే నిలబడిన రోజులే ఎక్కువ కాబట్టి ఆ వెక్కిరింపులో న్యాయం ఉంది. అమ్మ మాత్రం దాన్ని డబ్బా అనేది.

గనులు మొదలుపెట్టిన కొత్తలో కొండల మీద సర్వే చేసే ఇంజనీర్లు పడుకోవడానికి తెప్పించిన బండి అది. లోపల ఒక పక్క పొడుగాటి బల్ల, దాని మీద పరుపు, ఇంకో పక్క స్టవ్ పెట్టుకునే అర, కిటికీలకు దోమల జాలీలు. ఇంజనీర్లకు బంగళాలు వచ్చాక దాని అవసరం తీరిపోయింది. గని బళ్ళు బాగుచేసే షెడ్డు వెనక ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ పడి ఉన్నాక తుక్కు కింద వేలం వేస్తే, ఆ షెడ్డులోనే మెకానిక్‌గా పనిచేసే మా నాన్న పాడుకున్నాడు. రిటైరయ్యాక అమ్మని ఎక్కించుకుని దేశమంతా చూపిస్తానన్నాడు. దేశం సంగతి దేవుడెరుగు, ఒకసారి చిత్రకోట జలపాతం దాకా వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో దాన్ని లారీకి తాడు కట్టి లాగించుకుంటూ వచ్చాం. అమ్మ దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. నాన్న మాత్రం రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ బండికి ఇంజను వెనక, రేడియేటర్ ముందు. ముందు చల్లబడిన నీళ్ళు వెనక్కి పోవాలి, వెనక వేడెక్కినవి ముందుకు రావాలి. అందుకోసం బండి కడుపు కింద ఈ చివరనుంచి ఆ చివరదాకా రెండు ఇనప గొట్టాలు ఉండేవి. అవి తుప్పుపట్టి జల్లెడైపోయాయి. అప్పట్నుంచీ బండి మా క్వార్టర్ ముందు, వరండాకు ఎదురుగా, ఇటుకల మీద నిలబడిపోయింది. మా చుట్టూ ఉన్న కొండలన్నీ ఇనుమే. పగలూ రాత్రీ ఆ ఇనుము గూడ్సు పెట్టెల్లో విశాఖపట్నం పోతూనే ఉండేది. దండెం మీద ఆరేసిన బట్టలకి ఇనుము, అన్నంలో ఇనుము, వాగులో పారే నీళ్ళు ఎర్రటి ఇనుము. అంత ఇనుము మధ్య కూర్చుని మా నాన్న రెండు గొట్టాలకి మొహం వాచిపోయాడు.

అలా ఉండగా అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. నేను జగదల్‌పూర్‌లో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చేశాను. గొంతు కండరాలు కూడా దెబ్బతిన్నాయనీ, పల్చటిది ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ ఆసుపత్రిలో డాక్టరు హెచ్చరించాడు. నీళ్ళు అసలు వద్దన్నాడు. జావ చిక్కగా కాచి చెంచాతో పెట్టమన్నాడు. ఆ మాటను నేను వేదంలా పట్టుకున్నాను. రాగి జావ, సగ్గుబియ్యం జావ, గుజ్జు చేసిన అన్నం. ఒక్క చుక్క నీళ్ళు ఆమె పెదవి దాటకుండా కాపలా కాశాను.

ఇంటికి తెచ్చిన కొన్ని రోజులకి అమ్మకి ఒక మాట తిరిగొచ్చింది. పొద్దున్నే మొహం తుడుస్తుంటే, వంకరపోయిన నోటితోనే, స్పష్టంగా అంది.

“ఏరు.”

నాన్న వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. అమ్మ ఎడమ చెయ్యెత్తి వాకిలి వైపు చూపించి మళ్ళీ “ఏరు” అంది. వాకిలి అవతల వరండా, వరండా అవతల వ్యాను. నాన్న ఆమె చెయ్యి చూపిన వైపు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“శబరి ఏరు అడుగుతోంది అమ్మాయ్. మన బండిలో తీసుకెళ్ళమంటోంది” అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. ఎందుకనిపించదు? అమ్మ పుట్టింది కొంటా దగ్గర, శబరి ఒడ్డున దోర్ల అనే గిరిజనుల పల్లెలో. ఆమె చిన్నప్పటి కబుర్లలో ఏరు లేని కబురు లేదు. తాటి దోనె మీద ఏరు దాటడం, ఎండాకాలం ఏటి ఇసకలో చెలమ తవ్వడం, వరదొస్తే పశువులను మెరకకు తోలడం. నాన్న ఆంధ్ర నుంచి రోడ్డు పనుల లారీతో కొంటా వచ్చినప్పుడు అమ్మని చూసింది కూడా ఆ ఏటి రేవులోనే.

పెళ్ళయి క్వార్టర్లోకి వచ్చిన కొత్తలో అమ్మ “ఏంది” అంటే చాలు, పక్కింటి ఆంధ్రా ఆడవాళ్ళు పమిట అడ్డుపెట్టుకుని నవ్వేవాళ్ళట. అమ్మ ఏడవలేదు, పోట్లాడలేదు. వాళ్ళ తెలుగు వాళ్ళకంటే శుభ్రంగా నేర్చేసుకుంది. నేను పుట్టేనాటికి ఆమె నోట్లో కొంటా యాస కూడా మిగల్లేదు. ఇక ఆమె పుట్టు మాట, దోర్లీ, అయితే మా ఇంట్లో ఒక్క ముక్క వినబడేది కాదు. మేనమామ వచ్చినప్పుడు ఇద్దరూ పెరట్లోకి పోయి, మెల్లగా ఏదో చెప్పుకునేవాళ్ళు. మేము వెళితే ఆపేసేవాళ్ళు. నేను బడిలో హిందీ నేర్చుకున్నాను, సంతలో హల్బీ నేర్చుకున్నాను. మా అమ్మ భాష నేర్చుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు. నాకిప్పటికీ ఆ నవ్విన ఆడవాళ్ళ మీద కోపం పోలేదు. పోదు.

సరే, అమ్మ ఏరు అడిగింది. ఆమెను కూర్చోబెట్టి తీసుకెళ్ళే వీలు లేదు. ఆ రోజుల్లో అడవిలో నక్సలైట్ల గొడవలు. కొంటా రోడ్డు ఎక్కడ తవ్వేసి ఉంటుందో ఎవరికీ తెలియదు. జీపుల వాళ్ళు ఆ దారి పేరెత్తితేనే తల అడ్డంగా ఊపేవాళ్ళు. ఆసుపత్రి అంబులెన్సు ఏరు చూపించడానికి రాదు. పడుకోబెట్టి తీసుకెళ్ళే బల్ల ఉన్న బండి మా వాకిట్లోనే ఉంది. దానికి లేనివల్లా ఆ రెండు గొట్టాలే.

నాన్న కాలికి బలపం కట్టుకున్నాడు. ముందు జగదల్‌పూర్ వెళ్ళాడు. సామాన్ల దుకాణంలో బండి పేరు చెబితే, కౌంటరు వెనకాయన “దాదా, యే మ్యూజియమ్ మే హై” అన్నాడట, ఇది మ్యూజియంలో ఉండే బండి అని. రాయ్‌పూర్‌కి ఫోను చేయించాడు. పై దేశం నుంచి తెప్పించాలి, ఖరీదు వింటే బండిని మళ్ళీ కొనుక్కున్నట్టే ఉంది. గూడ్సు బళ్ళ మధ్య నడిచే ఒకే ఒక పాసింజరు రైలెక్కి కొండలు దిగి విశాఖపట్నం తుక్కు బజారుకి పోయాడు. వస్తూ లారీ హోస్ పైపుల మూట తెచ్చాడు. లావు ఎక్కువ. బండి కింద వంపు తిరిగే చోట నొక్కుకుపోయి నీళ్ళు పోవడం లేదు. గనిలో డంపర్లకు వాడే రబ్బరు గొట్టం ఒకటి పాత స్నేహితుడిచ్చాడు. అది మరీ కొండచిలువలా ఉంది. బోరు వేసే వాళ్ళ ప్లాస్టిక్ పైపు బిగించి ఇంజను తిప్పితే కాసేపటికే మైనంలా సాగిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంట్లో మనిషి పక్క తడుపుతోంది, పుండ్లు పడకుండా గంట గంటకీ తిప్పాలి, ఈయన బండి కింద దూరి కాళ్ళు మాత్రం బయటపెట్టి పడుకుంటాడు. “నాన్నా, నీకు అమ్మ కంటే ఆ డబ్బా ఎక్కువైపోయింది” అని ఒకరోజు అనేశాను. ఆయన బండి కిందనుంచే, “ఆమె అడిగిందే అమ్మాయ్” అన్నాడు.  నేను లోపలికి పోయి అమ్మని పక్కకి తిప్పాను.

ఆమె నిజంగానే అడుగుతూనే ఉంది. జావ పెడితే మొహం తిప్పేసి “ఏరు” అనేది. మధ్యాహ్నం ఎండ వరండాలోకి వచ్చే వేళకు మరీ ఎక్కువ. ఎడమ చెయ్యి లేపి వాకిలి వైపు చూపిస్తూ, “ఏరు, ఏరు” అంటూ ఏడ్చేది. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, గ్రీజు చేతులు ఆమెకు తగలకుండా వెనక్కి పెట్టుకుని, “ఇదిగో, అయిపోవచ్చింది. పైపులు దొరకగానే బయల్దేరడమే. నిన్ను రేవులోకే దింపుతాగా” అనేవాడు. అమ్మ ఆయన్ని చూసిన చూపు నాకు గుర్తుంది. చాలా మంచివాడైన చెవిటివాణ్ణి చూసినట్టు చూసేది. అప్పుడు నాకది అర్థం కాలేదు.

చివరికి పైపులు దొరికింది దగ్గర్లోనే. దంతెవాడలో గేట్లూ మెట్ల కమ్ములూ చేసే వెల్డింగు దుకాణం ఒకటుంది. ఎవరి మేడ మెట్లకో కోసిన, లోపల బోలుగా ఉండే స్టీలు కమ్ముల ముక్కలు మూలన పడి ఉన్నాయి. నాన్న ఒకదాన్ని తీసి చూశాడు. సరిగ్గా అదే లావు. తుప్పు పట్టదు. ముక్కలు కాబట్టి దాదాపు తూకం ధరకే ఇచ్చేశారు. ఆయన వాటిని భుజానేసుకుని బస్సు దిగి వస్తుంటే వీధి వీధంతా చూసింది. నాన్న నవ్వడం నేను చాలా రోజుల తర్వాత అప్పుడే చూశాను.

మెట్ల కమ్మి నున్నగా ఉంటుంది. నీళ్ళ గొట్టానికి చివర చిన్న ఉబ్బు ఉండాలి. అప్పుడే పైన తొడిగిన రబ్బరు జారిపోదు. నాన్నకు ఇది తెలియక కాదు. ముక్కలను వెల్డింగుతో అతికి, చివరలకు ఉబ్బు తీస్తూ వచ్చాడు. అంతలో లోపల అమ్మ ఏడుపు మొదలైంది. ఎన్నడూ లేనంతగా, గుక్కపట్టిన పసిపిల్లలాగా. ఆఖరి చివరకు ఉబ్బు తీయకుండానే రబ్బరు తొడిగి, క్లిప్పు గట్టిగా బిగించి, ఇంజను తిప్పి చూశాడు. ఎక్కడా చుక్క కారలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మని బల్ల మీద పడుకోబెట్టి బయల్దేరాం. రేడియేటర్‌కి దారిలో అవసరపడతాయని నాన్న క్యాన్లలో నీళ్ళు నింపి స్టవ్ అరలో, అమ్మ తల పక్కనే పెట్టాడు. దారిలో ఆపిన ప్రతి చోటా పోలీసులు లోపలికి తొంగిచూసి, అమ్మని చూసి, పొమ్మని చెయ్యి ఊపారు. సుక్మా దాటాం. దోర్నపాల్ దాటాం. బండి కుదుపుకి క్యాన్లలో నీళ్ళు కదిలినప్పుడల్లా అమ్మ “ఏరు” అనేది.

“చూశావా, దగ్గరికొస్తుంటే ఆమెకి తెలిసిపోతోంది” అన్నాడు నాన్న.

కొంటా ఇంకా కాస్త దూరం ఉందనగా టప్పుమని చప్పుడైంది. వెనక ఆవిరి లేచింది. ఆ ఉబ్బు తీయని చివర నుంచి రబ్బరు జారిపోయి, నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయి. నాన్న ఇంజను చల్లారేదాకా చెట్టు కింద నిలబడి, తర్వాత కింద దూరి, రబ్బరు మళ్ళీ తొడిగి, క్లిప్పు పక్కన ఇంకో క్లిప్పు వేసి బిగించాడు. అమ్మ తల పక్కనున్న క్యాన్లు ఒక్కొక్కటే తీసుకుపోయి రేడియేటర్‌లో పోశాడు. ఒక్కో క్యాను ఎత్తినప్పుడల్లా అమ్మ ఎడమ చెయ్యి దాని వెంట లేచింది. నేను ఆ చెయ్యి పట్టుకుని, “వచ్చేశామమ్మా, ఇంకాసేపట్లో ఏటి దగ్గర ఉంటాం” అన్నాను. ఆమె నా చేతిని విదిలించింది. పడకెక్కిన మనిషికి అంత బలం ఎక్కడిదో.

క్యాన్లన్నీ అయిపోయినా రేడియేటర్ నిండలేదు. అప్పుడే పొలం గట్టు మీదుగా ఒక దోర్ల ఆవిడ వస్తోంది. నెత్తిన బిందె, భుజాన తాగే నీళ్ళ సొరకాయ బుర్ర. నాన్న ఎదురెళ్ళి బండికి నీళ్ళు కావాలని అడిగాడు. ఆవిడ బిందె ఆయన చేతికిచ్చేసి, తలుపు తీసి ఉన్న బండిలోకి కుతూహలంగా తొంగిచూసింది. అమ్మ ఆమెను చూసింది.

“ఏరు” అంది.

ఆవిడ నా వైపు తిరిగింది. “ఏందమ్మా, ముసలమ్మ అట్ల అడుగుతాంటే ఇయ్యరేంది?”

“ఏటికే తీసుకెళ్తున్నామమ్మా. అందుకే వచ్చాం.”

“ఏటికేంది?” ఆవిడకు నేను పిచ్చిదానిలా కనబడి ఉంటాను. “ఏరంటే నీళ్ళు. మా దోర్లోళ్ళ మాటల నీళ్ళను ఏరనే అంటం. ఆమెకు దూపయితాంది. తాగనీకె నీళ్ళడుగుతాంది.”

నేను డాక్టరు మాట చెప్పబోయాను. నీళ్ళు పోస్తే ఊపిరికి అడ్డం పడతాయని. అంతలోనే ఆవిడ నన్ను జరిపి లోపలికెక్కి, అమ్మ తలని తన మోచేతి మీదికి తీసుకుంది. దోర్లీలో ఏదో అంది. అమ్మ బదులు చెప్పింది. ఒక్క మాట కాదు, చాలా మాటలు. ఇన్నాళ్ళూ మాట పోయిందనుకున్న మా అమ్మ గలగలా మాట్లాడింది. ఆవిడ నవ్వింది. బుర్ర మూతి అమ్మ పెదవుల మీద పెట్టి, కొంచెం కొంచెంగా, మింగేదాకా ఆగుతూ పోసింది. అమ్మ ఒకసారి దగ్గింది. మళ్ళీ తాగింది. గడ్డం మీదుగా, మెడ మీదుగా నీళ్ళు కారి జాకెట్టు తడిసిపోయింది. కళ్ళు మూసుకుని తాగింది.

బండి ముందు నాన్న బిందె వంచి అలాగే నిలబడి ఉన్నాడు. ఆయనకు అన్నీ వినబడ్డాయి. రేడియేటర్ ఎప్పుడో నిండిపోయింది. నీళ్ళు పొంగి, బంపరు మీదుగా, ఆయన చెప్పుల మీదుగా రోడ్డు మీదికి పారుతున్నాయి.

అప్పుడు నాకు మా ఇంటి వాకిలి కళ్ళ ముందు కనబడింది. మంచం మీద పడుకుని చూస్తే వాకిలి అవతల వరండా, వరండా అవతల వ్యాను. ఆ వరండా పిట్టగోడ మీద, సరిగ్గా మధ్యలో, తడిగుడ్డ చుట్టిన మా నీళ్ళ కుండ. అమ్మ చెయ్యి దాన్నే చూపించింది. మేమిద్దరం దాని మీదుగా బండిని చూశాం.

ఏటికి వెళ్ళాం. అంత దూరం వచ్చాక వెళ్ళకుండా ఎలా ఉంటాం? నాన్న అమ్మని రెండు చేతుల మీద ఎత్తుకుని శబరి ఒడ్డుకు తీసుకెళ్ళాడు. ఆమె పుట్టిన ఊరు ఆ గొడవల్లో చెదిరిపోయి చాలా కాలమైంది. జనం మిరప చేల కూలికి అవతలి రాష్ట్రం వెళ్ళిపోయారు. రేవులో ఎవరూ లేరు. “ఇదిగో ఏరు” అని అలవాటుగా అనబోయి నాన్న ఆగిపోయాడు. అమ్మ ఏటి వైపు ఒకసారి చూసి, దాహం తీరిన మనిషి కాబట్టి, ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

ఇంటికొచ్చాక ఆమె ఏడవలేదు. దోర్ల ఆవిడ పట్టినట్టే తల ఎత్తి పట్టుకుని, మింగేదాకా ఆగి, నీళ్ళు పట్టేవాళ్ళం. ఎక్కువ రోజులు పట్టలేదు. ఆ వానాకాలంలోనే జ్వరం వచ్చి, ఆయాసం వచ్చి పోయింది. ఆ నీళ్ళవల్లే పోయిందేమో నాకు తెలియదు. డాక్టరుని అడగలేదు. పోయే ముందు ఆనవాయితీ ప్రకారం నాన్న ఆమె నోట్లో తులసి నీళ్ళు పోశాడు. అవి పెదవి మూలనుంచి బయటికే వచ్చేశాయి. అప్పుడు మాత్రం ఆమె అడగలేదు.

పదో రోజున ఇంటినిండా టౌన్‌షిప్ జనం. పక్క క్వార్టర్ ఆవిడ వరండాలో నాన్న పక్కన కూర్చుని, “నువ్వు గొప్పవాడివి అన్నయ్యా. ఆ పైపుల కోసం ఎంత తిరిగావో మేం చూడలేదా? ఏరు చూడాలని అడిగింది, చూపించావు. ఆఖరి కోరిక తీర్చావు” అంటూ కళ్ళు తుడుచుకుంది.

నాన్న తల అడ్డంగా ఊపాడు. “ఏరు కాదమ్మా” అన్నాడు.  కండువాతో మొహం తుడుచుకుని, పిట్టగోడ మీది కుండవైపు చూస్తూ, “నీళ్ళు” అన్నాడు.

ఆవిడ “అయ్యో” అని గబుక్కున లేచి, కుండ మూత తీసి, లోటా నిండా ముంచి తెచ్చి ఆయన చేతికిచ్చింది.